గాలి తగలని మన్ను

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు ముందు అడిగేది ఓడ గురించే. అలలు ఎంత ఎత్తు లేస్తాయి, వాంతులవుతాయా, తిమింగలాలు కనిపిస్తాయా అని. ఓడ గురించి చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. ఓడ మీద ఉన్న రోజుల్లో చాలాభాగం నేను సముద్రం వైపు చూడనే లేదు. కిటికీ లేని చల్లటి గదిలో, రెండు చేతులూ ఒక ప్లాస్టిక్ సంచిలో దూర్చుకుని బురద కోస్తూ కూర్చున్నాను. నా ఉద్యోగం అదే. సముద్రం అడుగున ప్రాణవాయువు అందని చోట పేరుకున్న బురదలో పోషకాలూ లోహాలూ ఎలా కదులుతాయో చూడడం.

రిటైరై హోసూరు పక్క బాగలూరు దగ్గర మా పల్లెకు వచ్చాక ఈ పని గురించి అడిగినవాళ్ళు తక్కువ. అడిగిన కొద్దిమందికీ నేను సరిగ్గా చెప్పలేకపోయాను. "సముద్రంలో మట్టి చూసేదాన్ని" అంటే, "దాంట్లో ఏముంటాదమ్మా చూసేకి" అని జాలిపడేవారు. మీరు ఈ పనికే వస్తున్నారు గనుక మీకు చెబుతాను. ప్రమోషన్లు, ఫైళ్ళు, ఎవరు ఎవరిని తొక్కి పైకెక్కారు అన్నవి వదిలేస్తున్నాను. అవి ఏ ఆఫీసులోనైనా ఒకటే.

బురద ఏం చేస్తుంది

అరేబియా సముద్రంలో, మన పడమటి తీరానికి కొంత దూరంలో, నీళ్ళ మధ్యన ఒక మందపాటి పొర ఉంది. అందులో ప్రాణవాయువు దాదాపు లేదు. ఆ పొర వచ్చి నేలను తాకే చోట పురుగులు బతకవు. పురుగు లేదు గనుక బురదను కెలికేవాళ్ళు లేరు. పడినది పడినట్టే సన్నటి పొరలుగా ఉండిపోతుంది. గొట్టం దించి ఆ బురదను పైకి తెస్తే చారలు చారలుగా, ముదురాకుపచ్చగా ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు అది అందంగా కనిపించింది. ఇప్పటికీ అందంగానే కనిపిస్తుంది. ఈ మాట ఎవరితో అన్నా నవ్వుతారు.

నీళ్ళ పైభాగంలో పెరిగే సన్నటి నాచు చచ్చి కిందికి రాలుతూ ఉంటుంది. అడుగునున్న సూక్ష్మజీవులకు అదే తిండి. అది అరగడానికి వాటికి ప్రాణవాయువు కావాలి. అది లేకపోతే నైట్రేటుతో సరిపెట్టుకుంటాయి. అదీ అయిపోతే మాంగనీసు తుప్పు, ఇనుప తుప్పు, ఆఖరికి ఉప్పునీళ్ళలోని సల్ఫేటు. ఇనుప తుప్పును అంటిపెట్టుకుని ఫాస్ఫేటు ఉంటుంది. తుప్పు కరిగితే అది విడిపోయి నీళ్ళలో కలుస్తుంది, పైకి చేరి మళ్ళీ నాచుకు ఎరువవుతుంది. ఆ నాచు మళ్ళీ చచ్చి రాలి, మిగిలిన కాస్త ప్రాణవాయువునూ తినేస్తుంది. లోహాల సంగతి దీనికి తలకిందులు. సల్ఫేటు నుంచి పుట్టే సల్ఫైడు, అదే కుళ్ళిన గుడ్డు వాసన వేసేది, జింకునూ రాగినీ కాడ్మియాన్నీ పట్టుకుని బురదలో కట్టిపడేస్తుంది.

అంటే గాలి లేని బురద ఎరువును వదిలేసి లోహాన్ని దాచుకుంటుంది. దాన్ని తెచ్చి గాలిలో పెడితే సల్ఫైడు ఆమ్లమై మన్ను పుల్లబడుతుంది, వ్యవహారం తిరగబడుతుంది. ఎరువును పట్టుకుంటుంది, దాచిన లోహాన్ని మెల్లమెల్లగా వదులుతుంది. ఈ ఒక్క విషయం అర్థమైతే నా ఉద్యోగంలో సగం మీకు అర్థమైనట్టే. మిగతా సగం ఓపిక.

సంచిలో చేతులు

నా మొదటి ప్రయాణంలో మేమంతా బురదను మామూలు బల్ల మీద పెట్టి కోశాం. అందులోంచి పిండిన నీళ్ళు తేటగా వచ్చాయి. చూస్తుండగానే సీసాలో ఎర్రబారాయి. కరిగి ఉన్న ఇనుముకు గాలి తగిలి తుప్పయింది, ఆ తుప్పు ఫాస్ఫేటునంతా పట్టేసుకుంది. పరీక్ష చేస్తే ఫాస్ఫేటు లేదని వచ్చింది. మేము ఆ ఫలితాన్ని సంబరంగా మా పెద్దసారు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన ఒకసారి చూసి పక్కన పెట్టేశారు. "మీరు కొలిచింది బురదను కాదు, గాలిని" అన్నారు. తిట్టలేదు. మళ్ళీ చేయమన్నారు, అంతే.

అప్పటి నుంచి అంతా నైట్రోజన్ నింపిన సంచిలోనే. సంచి గోడకే చేతి తొడుగులు అతికి ఉంటాయి. వాటిలో చేతులు దూర్చి, లోపల గొట్టంలోంచి బురదను కొంచెం కొంచెంగా పైకి తోస్తూ, పలుచగా కోసి, డబ్బాల్లో నింపి, లోపలే మూత పెట్టాలి. ముక్కు దురద పుట్టినా చేయి తీయడానికి లేదు. సముద్రం అడుగున ఎంత చలి ఉందో గదిలోనూ అంతే ఉండాలి. తలుపు తీస్తే చలి పోతుంది గనుక ఎవరూ లోపలికి రారు. టీ తెచ్చిన మనిషి కప్పు గుమ్మం బయట పెట్టి, తలుపు తట్టి వెళ్ళిపోయేవాడు. నేను బయటికొచ్చేసరికి అది చల్లారి మీగడ కట్టి ఉండేది. అదే తాగేదాన్ని.

ఆ గదిలో నేను పైకే మాట్లాడుకునేదాన్ని. ఒడ్డున ఉన్నా ల్యాబులో ఇంగ్లీషు, క్యాంటీనులో హిందీ, అంగట్లో ఆ తీరపు ఊరి భాష. మా ఊరి తెలుగు మాట్లాడడానికి నాకు ఎవరూ లేరు. "ఈడ కొయ్యాల. నిదానంగా కొయ్యి. తొందరపడొద్దు" అని నాకు నేనే చెప్పుకునేదాన్ని. ఒకసారి తలుపు బయట ఆ మాటలు విన్న సహోద్యోగి, నేను వచ్చాక, లోపల ఇంకెవరున్నారని అడిగాడు. ఎవరూ లేరన్నాను.

తరువాత వచ్చిన పెద్దసారు వేరే రకం. మాట తీపి, మనిషి సరదా, పండక్కి అందరికీ మిఠాయిలు పంచేవాడు. ఎవరో ముఖ్యులు ల్యాబు చూడ్డానికి వస్తే, వాళ్ళకు బాగా కనబడాలని నా సంచి మూతి విప్పి, బురద ముక్క తీసి అరచేతిలో పెట్టి చూపించాడు. అందరూ ఫోటోలు తీసుకున్నారు. ఒక ప్రయాణమంతా కష్టపడి తెచ్చిన గొట్టం అది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. కోపమొచ్చింది. మొదటి సారు నన్ను ఎన్నడూ భోజనానికి పిలవలేదు, నా ఊరేదో కూడా ఆయనకు తెలియదు, కానీ నా బురదను ఒక్కసారి కూడా గాలికి వదల్లేదు. మీకు పై అధికారిని ఎంచుకునే వీలుంటే, ఉండదనుకోండి, మిఠాయి పెట్టేవాణ్ణి కాక ఆయన లాంటివాణ్ణి ఎంచుకోండి.

ఈ పని మనిషిని ఒంటరిని చేస్తుందా, ఒంటరివాళ్ళే ఈ పనికి వస్తారా అని ఒకమ్మాయి నన్ను అడిగింది. నాకు తెలియదు. తోబుట్టువు అని చెప్పుకోవడానికి నాకు ఉన్నది ఒక్క తమ్ముడు, మునిరాజు. మా నాయన పోయినప్పుడు నేను సముద్రం మీద ఉన్నాను. కబురు అందింది, ఓడ వెనక్కి తిరగదు. చేయవలసినవన్నీ వాడొక్కడే చేశాడు. నేను ఊరు చేరేసరికి ఇంట్లో బంధువులు కూడా వెళ్ళిపోయారు. "వచ్చినావా అక్కా, కాళ్ళు కడుక్కో" అన్నాడు. అంతకుమించి వాడు ఆ విషయం ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

చెరువు మన్ను

మునిరాజుది గులాబి తోట. పూలు హోసూరు మార్కెట్టుకు పోతాయి. నేను తిరిగొచ్చాక తోట పక్కనే రెండు గదుల ఇంట్లో ఉంటున్నాను. వాడు పొద్దున పూలు కోయించి పంపాక నా గుమ్మం ముందు నుంచే ఇంటికి పోతాడు. "తిన్నావా అక్కా" అంటాడు. "తిన్నాన్రా" అంటాను. చాలా రోజులు మా మాటలు అంతే.

నిరుడు వేసవిలో ఆగి, మెట్టు మీద కూర్చున్నాడు.

"రేపు టిప్పర్లు వస్తాయక్కా. తోటకంతా చెరువు మన్ను ఏపిస్తుండా. పోయి చూడు, ఎంత నల్లగా ఉందో. నాయన కాలంలో ఇంత నల్లమన్ను యాడుండె?"

చెరువు మన్ను పొలానికి తోలడం మా వైపు పాత అలవాటు. నా చిన్నప్పుడు ఎండలు ముదిరేసరికి చెరువు పూర్తిగా ఎండి, నేల నెర్రెలు విచ్చేది. ఆ పెళ్ళలు ఎండకు కాగి తెల్లబారాకే బండ్లు కట్టేవారు. నేనూ మునిరాజూ ఆ బండి మీద మన్ను పైన కూర్చుని వచ్చేవాళ్ళం. ఆ మన్ను వేసిన ఏడాది పంట తేడా కళ్ళకు కనబడేది.

ఇప్పుడు ఆ చెరువు ఎండదు. పైనున్న కాలనీల మురుగు, చిన్న ఫ్యాక్టరీల షెడ్ల నీళ్ళు ఏడాది పొడుగునా వచ్చి చేరుతూనే ఉంటాయి. ఎవరి నీళ్ళు ఎంత అని వేలెత్తి చూపే ఆధారం నా దగ్గర లేదు. నేను వెళ్ళి చూసేసరికి జేసీబీ నీళ్ళ అంచున నిలబడి తడి మన్ను తోడుతోంది. దూరం నుంచే వాసన తెలిసింది. ఆ వాసనతోనే నా బతుకంతా గడిచింది. చల్లగది, చల్లారిన టీ అన్నీ ఒక్కసారిగా గుర్తుకొచ్చాయి.

పాల కవరు ఒకటి కడిగి తీసుకెళ్ళాను. మన్ను నింపి, గాలి ఒక్క బుడగ కూడా లేకుండా కింది నుంచి పైకి పిండి, మెలిపెట్టి, రబ్బరు బ్యాండు వేశాను. మునిరాజు పక్కన నిలబడి చూస్తున్నాడు.

"అదేందక్కా, మన్నుకు గాలి కూడా తగలకూడదా?"

"తగిలితే ఇది వేరే మన్నయిపోతుందిరా. గాలి లేనంతవరకు దీంట్లో ఉండే చెడు దీంట్లోనే ఉంటుంది. బయట ఏస్తే పుల్లబడి, ఆ చెడునంతా వదిలేస్తుంది. వేరుకు తగుల్తుంది."

"కృష్ణగిరికి పంపి పరీక్ష చేయించినానక్కా. సత్తువ బాగుందనే రాసిచ్చినారు."

ఆ పరీక్షలో అబద్ధం లేదు. సత్తువ నిజంగానే ఉంది, పైనుంచి వచ్చిన మురుగంతా సత్తువే. కాడ్మియం ఉందా అని ఆ పరీక్షను ఎవరూ అడగలేదు, అందుకని అది చెప్పలేదు. నేను అదే మాట అన్నాను.

"ఉందని నీకు తెలుసునా?"

తెలియదు. లోహాలు చూసే యంత్రం నా దగ్గర లేదు. ఉన్నవి ముక్కూ, కళ్ళూ, పుల్లదనం చూసే రంగు కాగితాలూ. కొంత మన్ను పళ్ళెంలో పరిచి, రోజూ తడుపుతూ గాలికి పెడితే, కొన్ని వారాల్లో ఎంత పుల్లబడుతుందో చెప్పగలనన్నాను.

"వారాలా? కొమ్మలు కత్తిరించేసినాం. ఇప్పుడు ఏయకపోతే ఇంకెప్పుడు?" అన్నాడు. "నాయన కడదాకా ఈ చెరువు మన్నే ఏసినాడక్కా. నువ్వు ఈడ లేవు. నీకు తెలీదు" అన్నాడు.

కోపంగా అనలేదు. వాడు అన్నది నిజం కూడా. అయినా ఆ మాట నాకు లోపలెక్కడో తగిలింది. తోలిన మన్నును తిరిగి చెరువు నీళ్ళలోనే పోయించమని అడిగాను. అదొక్కటే సరైన పని, నీళ్ళ అడుగున అది ఎవరికీ హాని చేయదు.

వాడు నవ్వేశాడు. "తోడిన మన్ను మళ్ళా చెరువులో పోయాల్నా? ఊర్లో నన్ను ఏమనుకుంటారు?" నవ్వు ఆపి నా మొహం చూశాడు. "సరే, ఒక పని చేస్తా. సగం తోటకు ఏస్తా. సగం నీ మాట కోసం ఆపుతా. చాలునా?"

మా వాళ్ళ తీర్పులన్నీ ఇలాగే ఉంటాయి. ఇద్దరికీ సగం సగం. మిగిలిన కుప్ప మీద టార్పాలిన్ కప్పి, తడి ఆరనివ్వొద్దని చెప్పాను. సరేనన్నాడు. అది మటుకు తప్పకుండా చేశాడు.

తప్పు కావాలని కోరుకోవడం

అలా నా గుమ్మానికి ఎదురుగా ఒక ప్రయోగం తయారైంది. నడుమ కాలిబాట, ఎడమ వైపు చెరువు మన్ను వేసిన గులాబులు, కుడి వైపు వేయనివి. ఒకే నేల, ఒకే బావి నీళ్ళు, ఒకే రకం మొక్కలు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళు ఇంత చక్కగా కుదిరిన ప్రయోగం నాకు దొరకలేదు. దొరికి ఉంటే ఎగిరి గంతేసేదాన్ని.

పళ్ళెంలో పెట్టిన మన్ను అంచుల్లో తుప్పు రంగుకు తిరిగింది. కాగితం మొదట ఆకుపచ్చగా, తరువాత పులుపు పెరిగేకొద్దీ పసుపుగా, నారింజగా మారింది. కవరులో కట్టి ఉంచిన మన్ను మాత్రం నల్లగా అలాగే ఉంది, దాని కాగితం ఆకుపచ్చే. పళ్ళెం మునిరాజుకు చూపించాను. తలూపాడు. చేయి పట్టుకుని తోట వైపు తిప్పి ఎడమ పక్కను చూపించాడు. అక్కడి ఆకు కుడి పక్క కంటే ముదురుగా, దిట్టంగా ఉంది. పూలూ పెద్దవి.

"నీ పళ్ళెం ఒకటి చెప్తాది, నా చెట్టు ఒకటి చెప్తాది. నేను దేన్ని నమ్మేది?" అన్నాడు ఆటపట్టిస్తూ.

"చెట్టునే నమ్మరా" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. ఎరువు ముందు పనిచేస్తుంది, పులుపు వెనకాల వస్తుంది అని నాకు తెలుసు. తెలిసీ ప్రతి పొద్దునా లేవగానే ఎడమ పక్కకు చూసి, ఇంకా పచ్చగానే ఉందని తేలికపడేదాన్ని. చదివింది తప్పు కావాలి, జీవితమంతా చూసింది ఈ ఒక్క తోటలో మటుకు జరగకూడదు అనుకునేదాన్ని. ఇలాంటి కోరిక కోరుకుంటున్నానని చెప్పుకోవడానికి కూడా మనిషి లేడు. పాత సహోద్యోగులకు చెబితే, ఎంత మంచి ప్రయోగం, లెక్కలు రాసిపెట్టు అంటారు. ఊళ్ళో చెబితే, సముద్రం మేడమ్‌కు మతి చెడిందంటారు. మీరు ఈ పనిలో ఉండబోతున్నారు గనుక చెబుతున్నాను, ఇలాంటి రోజులు మీకూ వస్తాయి. మనకు తెలిసింది నిజమవుతుంటే సంతోషపడాలని ఎవరూ మనల్ని బలవంతపెట్టలేరు.

వానలు పడ్డాయి. ఆ తరువాత ఎడమ పక్క కొత్త చిగుళ్ళు పసుపుగా రావడం మొదలైంది. ఈనెలు మాత్రం పచ్చగా, మధ్యనంతా వెలిసిపోయినట్టు. ముందు ఒక మూల, తరువాత ఒక వరుస, తరువాత అన్ని వరుసలూ. మొగ్గలు విచ్చకుండానే వాడాయి. మునిరాజు మందులు కొట్టించాడు. ఎవరో చెప్పారని ఇంకేదో పోయించాడు. నా గుమ్మం ముందు నుంచి పోవడం మానేసి, అవతలి గట్టు మీదుగా ఇంటికి పోవడం మొదలుపెట్టాడు. "తిన్నావా అక్కా" అనే మాట కూడా ఆగిపోయింది. నేనే వెళ్ళి అడగొచ్చు. వెళితే, నేను చెప్పలేదా అనడానికి వచ్చినట్టు ఉంటుందని ఆగిపోయాను. పొయ్యి దగ్గర ఒక్కదాన్నే కూర్చుని మళ్ళీ నాతో నేను మాట్లాడుకోవడం మొదలైంది. మా ఊళ్ళో, మా భాష వాళ్ళ మధ్యనే.

ఒక పొద్దున తలుపు తట్టిన చప్పుడైంది. తీస్తే మునిరాజు. లుంగీ మోకాళ్ళ దాకా బురద. చేతుల్లో రెండు పాల కవర్లు. కడిగినవి. రెండింటిలోనూ తోట మన్ను. కింది నుంచి పైకి పిండి, గాలి ఒక్క బుడగ లేకుండా మెలిపెట్టి, రబ్బరు బ్యాండ్లు వేసి ఉన్నాయి. ఒకదానికి గుర్తుగా పసుపు చిగురు, ఇంకొకదానికి పచ్చది, బ్యాండులో దోపి ఉన్నాయి.

"ఇది ఆ పక్కదక్కా. ఇది ఈ పక్కది. వేరు దగ్గర్నుంచి తీసినా. చూసి చెప్పు."

వాడు నా ముందు నిలబడిన తీరు చూస్తే, నాకు తమ్ముడిలా లేడు. ఆస్పత్రిలో రిపోర్టు కోసం నిలబడ్డ మనిషిలా ఉన్నాడు. నా ఉద్యోగకాలంలో గానీ ఆ తరువాత గానీ ఎవరైనా తమంతట తాము నా దగ్గరికి మన్ను తెచ్చి చూడమని అడగడం అదే మొదటిసారి. ఎదురుచూడని రోజు లేదు దానికి. అందుకోవడానికి చేయి రాలేదు.

లోపలికి పిలిచి కూర్చోబెట్టాను. చెంబులో నీళ్ళు పెట్టి, రెండు కవర్ల మన్నూ రెండు గిన్నెల్లో కలిపి, కాగితాలు వాడి చేతికే ఇచ్చాను. వాడే ముంచాడు. ఒకటి ఆకుపచ్చ. ఇంకొకటి ఎర్రగా తిరిగింది. నేనేమీ చెప్పనవసరం లేకపోయింది.

"ఇప్పుడేం చేసేదక్కా?"

"సున్నం చల్లాల. పులుపు ఇరుగుతుంది. కొన్ని చెట్లు నిలుస్తాయి. అన్నీ నిలవ్వు. ఆ టార్పాలిన్ కింది కుప్ప ఉంది చూడు, అది చెరువులోనే పోపించు."

"పోపిస్తా" అన్నాడు. ఊళ్ళో ఏమనుకుంటారని అనలేదు. టీ పెట్టాను. ఇద్దరం వేడివేడిగా తాగాం. వాడు ఖాళీ కవర్లను చేతిలోకి తీసుకుని, మడత సరిచేస్తూ చాలాసేపు కూర్చున్నాడు.

"గాలి తగల్నీలేదక్కా. నువ్వు ఆ పొద్దు ఎట్ల చేసినావో చూసినా, అట్లే చేసినా. సరిగ్గా కట్టినానా?"

ఆ మన్నుకు గాలి ఎప్పుడో తగిలింది. అది చేయవలసిందంతా చేసేసింది. ఇప్పుడు కవరు ఎలా కట్టినా, కట్టకపోయినా ఒకటే.

"సరిగ్గా కట్టినావురా" అన్నాను.